సీడీ సెట్లు హైదరాబాద్‌కి ఇవ్వడం: గుత్తకా, నెల జీతానికా, అసలు ఇక్కడే మనిషిని పెట్టుకోవడమా? ఏది మేలు?

అమెరికాలో నలుగురైదుగురితో ఆర్కిటెక్చర్ ఆఫీసు నడిపే మనవాళ్లు కలిస్తే ఈ మాట రాక మానదు. కన్‌స్ట్రక్షన్ డాక్యుమెంట్లు (సీడీలు, అంటే కాంట్రాక్టర్ చూసి కట్టే డ్రాయింగుల సెట్లు), రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో బిల్డింగ్ మోడలింగ్ హైదరాబాద్‌లో ఎవరికైనా ఇచ్చేస్తే పోదా అని. నేను అక్కడ కూర్చుని ఈ సెట్లు చేసినవాణ్ని, ఇప్పుడు డాలస్‌లో కూర్చుని చేయిస్తున్నవాణ్ని, కాబట్టి రెండు వైపుల లోగుట్టూ కొంత తెలుసు.

ఇవ్వాలని ఎందుకనిపిస్తుందో అందరికీ తెలిసిందే. పాత లెక్క ప్రకారం ఆర్కిటెక్ట్ ఫీజులో దాదాపు 40 శాతం సీడీ దశకే పోతుంది. డిజైన్ మీద పెట్టాల్సిన బుర్రంతా డోర్ షెడ్యూళ్లలో (తలుపుల పట్టికల్లో), డైమెన్షన్లలో ఖర్చయిపోతుంది.

ఇక్కడే ఒకర్ని పెట్టుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సైటుకి వెళ్తారు, కాంట్రాక్టర్ ఫోన్ చేస్తే ఎత్తుతారు, పక్క సీట్లో కూర్చుని నేర్చుకుంటారు. జీతం, ఇన్సూరెన్స్, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అన్నీ మన నెత్తినే, పని లేని నెలల్లో కూడా. ఏడాది పొడుగునా పని ఉంటుందన్న ధీమా ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. చిన్న ఆఫీసుల్లో ఆ ధీమా ఎంతమందికి ఉంటుందన్నదే ప్రశ్న.

అసలు పేచీ గుత్త దగ్గర. షీటుకింత, ప్రాజెక్టుకింత అని మాట్లాడుకుని ఇచ్చేయడం. కాగితం మీద అన్నిటికన్నా చవగ్గా కనబడేది ఇదే, చివరికి ఎక్కువ తినేదీ చాలాసార్లు ఇదే. ఒక్క గోడ తీసుకోండి. ఇండియాలో చదువుకున్న కుర్రాడికి గోడంటే తొమ్మిది అంగుళాల ఇటుక, లేదా నాలుగున్నర. ఇక్కడ ఆఫీసు బిల్డింగుల్లో మామూలు పార్టిషన్ అంటే 3 5/8 అంగుళాల మెటల్ స్టడ్ (లోపల నిలబెట్టే రేకు కమ్మీ), అటూ ఇటూ 5/8 జిప్సమ్ బోర్డు, మొత్తం 4 7/8. డైమెన్షన్ స్టడ్ ముఖం నుంచి ఇవ్వాలా, ఫినిష్ ముఖం నుంచా అన్నది మీ టెంప్లేట్‌లో స్పష్టంగా లేకపోతే అతను తనకి తోచింది పెడతాడు. టాయిలెట్‌లో వీల్‌చెయిర్ తిరగడానికి 60 అంగుళాల వృత్తం కావాలి కదా, స్టడ్ నుంచి స్టడ్‌కి సరిగ్గా 60 చూపించి పంపిస్తే బోర్డులు బిగించాక మిగిలేది 58 3/4, దాని మీద టైల్ ఇంకా వేయలేదు. షీటు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, తప్పు సైట్లో బయటపడుతుంది.

అంటే అక్కడివాళ్లకి పని రాదని కాదు. గుత్తలో ప్రశ్న అడగడమే నష్టం. అడిగితే ఒక రోజు పోతుంది, ఆ రోజుకి డబ్బులు రావు. పైగా మొదటి ప్రాజెక్టు చేసిన కుర్రాడు రెండోదానికి ఉంటాడన్న గ్యారంటీ లేదు, మళ్లీ అక్షరాభ్యాసమే.

మీరు నిద్రపోతుంటే పని జరిగిపోతుంది అని ఊదరగొడతారు చూడండి, అది సగమే నిజం. వేసవిలో డాలస్ కన్నా హైదరాబాద్ పదిన్నర గంటలు ముందు, చలికాలంలో పదకొండున్నర. సాయంత్రం శుభ్రంగా మార్కప్ చేసి, అంటే డ్రాయింగ్ మీద దిద్దుబాట్లు రాసి పంపితే పొద్దున్నకి నిజంగానే సిద్ధంగా ఉంటుంది. మార్కప్‌లో ‘ఇక్కడ సరిచేయండి’ అని మాత్రం రాసి బాణం గుర్తు పెట్టారో, పొద్దున్న మీకు ఎదురయ్యేది డ్రాయింగ్ కాదు, ప్రశ్న.

అందుకే నా ఓటు నెల జీతం పద్ధతికి, అంటే హైదరాబాద్‌లో ఈ పని చేసే కంపెనీలో ఒక మనిషిని నెల లెక్కన మీ ఆఫీసుకే కేటాయించమనడం. గుత్త కంటే ఖరీదే. కానీ మూడు నాలుగు నెలలకి మీ టెంప్లేట్, మీ ఫ్యామిలీలు (రెవిట్‌లో మళ్లీ మళ్లీ వాడుకునే తలుపులు, కిటికీల్లాంటి రెడీమేడ్ మోడళ్లు), మీ చాదస్తాలు అన్నీ అతనికి వచ్చేస్తాయి. వేసవిలో మన పొద్దున్న ఎనిమిది అక్కడ సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర, ఆ గంట తెలుగులో మాట్లాడుకోవచ్చు. "సార్, ఈ గోడ ప్లాన్‌లో ఒక గంట ఫైర్ రేటింగ్ అని ఉంది, డోర్ షెడ్యూల్లో తలుపుకి రేటింగే లేదు, ఏది కరెక్టు?" అని అడిగే మనిషి దొరికాడంటే పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. గుత్తలో ఈ ప్రశ్న మీదాకా రాదు.

సీల్ సంగతి కూడా ఉంది. ఇక్కడి చట్టాల ప్రకారం ఆర్కిటెక్ట్ తన పర్యవేక్షణలో తయారైన డ్రాయింగుల మీదే సీల్ వేయాలి. ఎవరో చేసి పంపిన సెట్ మీద చివర్లో ముద్ర గుద్దడం చెల్లదు. రోజూ మోడల్ తెరిచి చూస్తూ, మార్కప్‌లు ఇస్తూ ఉంటే ఆ బాధ్యత మీ చేతిలోనే ఉందని చూపించగలరు. ఫెడరల్ పనులైతే డ్రాయింగులు దేశం దాటకూడదన్న షరతు ఉండొచ్చు, కాంట్రాక్టు ముందే చదవండి.

గుత్త పూర్తిగా పనికిరాదని కాదు. పాయింట్ క్లౌడ్ (లేజర్ స్కాన్‌లో వచ్చే కొలతల చుక్కలు) నుంచి పాత బిల్డింగ్ మోడల్ చేయడం, పాత క్యాడ్ ఫైళ్లని రెవిట్‌లోకి మార్చడం, ఫర్నిచర్ ఫ్యామిలీలు, వీటిని నిశ్చింతగా గుత్తకివ్వండి. తప్పో ఒప్పో కొలిచి చూస్తే తెలిసిపోయే పనులివి. వాల్ సెక్షన్లు, వాటర్‌ప్రూఫింగ్ డీటెయిల్స్, కోడ్ షీటు (బిల్డింగ్ నిబంధనల లెక్కలుండే షీటు) మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జీతానికి పెట్టుకున్న కుర్రాడికి కూడా. అక్కడ గీసేది నిర్ణయం, గీత కాదు.

ఇంకో మాట, ఎల్‌ఓడీ (మోడల్‌లో ఎంత వివరం ఉండాలో చెప్పే స్థాయి) 400 చేసిస్తాం అని ఊరిస్తే పడిపోకండి. మీ సెట్‌కి 300 చాలు, ఆ పైవన్నీ చాలావరకు కాంట్రాక్టర్లు, ఫ్యాబ్రికేటర్లు చూసుకునేవి. అగ్రిమెంట్‌లో రెవిట్ ఫైలు మీకే చెందుతుందని, ఏ వెర్షన్‌లో ఇస్తారో కూడా రాయించుకోండి, పై వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు కింది వెర్షన్‌లో తెరుచుకోదు.

మొదలుపెట్టేముందు మీరు ఇప్పటికే పూర్తి చేసిన ప్రాజెక్టులో ఒక ఫ్లోర్ ఇచ్చి చేయించండి, పక్కన మీ సెట్ పెట్టుకుని చూస్తే ఎక్కడ తేడా వస్తుందో తెలిసిపోతుంది. అన్నట్టు, పర్మిట్ సబ్మిషన్ మాత్రం జనవరి రెండో వారంలో పెట్టుకోకండి, సంక్రాంతికి కుర్రాడు ఊళ్లో ఉంటాడు.