హోలీల్యాండ్ ప్యాకేజీ: బస్సుకు, భోజనానికి వంక పెట్టను, గోడ దగ్గర చెప్పిన మాటతోనే నా పేచీ

నల్గొండలో హోలీల్యాండ్ యాత్రకు మళ్లీ పేర్లు రాసుకుంటున్నారని తెలిసినప్పటి నుంచి మా చర్చి వాళ్లు, మిర్యాలగూడ చుట్టాలు ఒకటే ఫోన్లు, "నువ్వు వెళ్లొచ్చావు కదా అక్కా, ఎట్లుంటది, డబ్బులు కట్టొచ్చా?" అని. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. ఏజెన్సీ పేరు రాయను, వాళ్ల పొట్ట కొట్టాలని నాకు లేదు.

నేను, మా అత్తమ్మ 2023 ఫిబ్రవరిలో వెళ్లాం, అంటే గాజా యుద్ధానికి ఎనిమిది నెలల ముందు. పది రోజులు, మనిషికి లక్షా నలభై వేలు, వీసా, టికెట్లు, హోటళ్లు, తిండి అన్నీ అందులోనే. గడియారం సెంటర్‌లో రాత్రి బస్సు ఎక్కించుకుని శంషాబాద్‌లో దింపారు, ఒక్క నిమిషం ఆలస్యం లేదు. రోజుకు ఒక పూటైనా అన్నం, పప్పు పెట్టించారు. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మను గలిలయ సముద్రంలో పడవ ఎక్కించడానికి ఇద్దరు కుర్రాళ్లు చెరో చెయ్యి పట్టుకున్నారు, ఆ సంగతి ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది. జోర్డాన్ నుంచి అలెన్‌బీ బ్రిడ్జి సరిహద్దు దాటేచోట మూడున్నర గంటలు నిలబెట్టారు, నీళ్లు దగ్గర పెట్టుకోమని ముందు చెప్పి ఉండాల్సింది. ఇవన్నీ చిన్న విషయాలు.

నా బాధ బెత్లెహేము దగ్గర మొదలైంది. యెరూషలేము నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు. దారిలో ఇజ్రాయెల్ కట్టిన గోడ వస్తుంది, అవతల ఉండేది పాలస్తీనా వాళ్లు. ఎనిమిది మీటర్ల కాంక్రీటు, మా రెండంతస్తుల మేడకన్నా ఎత్తు. అత్తమ్మ అద్దానికి మొహం ఆనించి "ఇదేంటి బిడ్డా, జైలా?" అని అడిగింది. మా గ్రూపు లీడరు మైకులో ఒకే మాట అన్నాడు: "వాళ్లు చేసుకున్న పాపం, మనకెందుకు, పాటందుకోండి." అందరూ పాటందుకున్నారు.

అంతకుముందు రోజు యెరూషలేములో మాకు గైడుగా వచ్చినావిడ యూదురాలు. 2000 తర్వాత ఐదేళ్లు సిటీ బస్సుల్లో, హోటళ్లలో ఆత్మాహుతి బాంబులు పేలిన రోజులు చెప్పింది. తనతో చదువుకున్న అమ్మాయి అట్లా బస్సులోనే పోయిందట. చెప్తున్నంతసేపూ ముందు సీటు రాడ్డును గట్టిగా పట్టుకునే ఉంది, వేళ్లు తెల్లబడ్డాయి. "ఆ గోడ కట్టాకే మా పిల్లల్ని బస్సెక్కించగలుగుతున్నాం" అంది. ఆమె భయం నిజమని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నా.

మరి గోడకు అవతల? బెత్లెహేములో యేసు పుట్టినచోట కట్టిన నేటివిటీ చర్చి నుంచి దిగే వీధిలో ఆలివ్ చెక్క బొమ్మలు చేసే కొట్టు ఉంది, ఆయనా మనలాగే క్రైస్తవుడు. ఒంటె బొమ్మ వీపును ఉప్పు కాగితంతో రుద్దుతూ, ఇజ్రాయెల్ పర్మిట్ రాక ఏళ్ల తరబడి ఈస్టరుకు యెరూషలేము వెళ్లలేదని చెప్పాడు. హైదరాబాద్ దాటి నాలుగు దేశాల మీదుగా వచ్చిన మేం ముందు రోజే అక్కడ యేసు సమాధి రాయిని తాకి వచ్చాం, పక్కనే పుట్టి పెరిగినాయనకు ఆ భాగ్యం లేదు. ఇజ్రాయెల్ తన హద్దు మీద గోడ కట్టుకోవడం వేరు. ఈ గోడ చాలా భాగం హద్దు దాటి పాలస్తీనా వాళ్లుండే వెస్ట్‌బ్యాంక్ లోపలికి వచ్చి కట్టింది, అది చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లోనే చెప్పింది. ఈ రెండు కథలూ వినిపించాల్సిన బాధ్యత, లక్షా నలభై వేలు తీసుకున్నవాళ్లకు లేదా?

తర్వాత ఆ ఏడాదే అక్టోబర్ 7 వచ్చింది. గాజాను ఏలుతున్న సాయుధ సంస్థ హమాస్ వాళ్లు ఇజ్రాయెల్ ఊళ్ల మీద పడి సుమారు 1,200 మందిని చంపారు, 251 మందిని ఎత్తుకుపోయారు, అందులో పసిపిల్లలు, ముసలివాళ్లు కూడా. యాత్ర వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఇన్నేళ్లు అణిచేస్తే తిరగబడరా" అని పెట్టాడు. ఇంట్లో నిద్రపోతున్న కుటుంబాన్ని చంపడం తిరుగుబాటు ఎట్లా అవుతుందన్నా? వెంటనే ఇంకొకాయన "గాజాను నేలమట్టం చేస్తేగాని బుద్ధి రాదు" అని, కింద దండం బొమ్మలు. ఆ గాజా మొత్తం 365 చదరపు కిలోమీటర్లు. మన నల్గొండ జిల్లా ఒక్కటే ఏడు వేలు దాటుతుంది. అంత చిన్న జాగాలో ఇరవై లక్షల మందికి పైగా ఉంటే, ఖాళీ చేసి ఎటు పోతారు?

మాది చిట్యాల దగ్గర ఊరు, గుండ్రాంపల్లిలో రజాకార్లు చేసిన ఘోరం మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నాయనమ్మ వాళ్లు కారప్పొడి, వడిసెల రాళ్లు పక్కన పెట్టుకుని రాత్రులు మేలుకున్నారట. ఆ కారం, ఆ రాళ్లు తప్పని ఎవరైనా అంటే నేను ఊరుకోను. కానీ 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయ్యాక, అదే ఊళ్లో గాజులమ్ముకునే సాయిబు ఇంటి మీదికి కొందరు కర్రలు పట్టుకుని పోతే, ఆయన భార్యాపిల్లల్ని పశువుల కొట్టంలో గడ్డి వెనక మూడు రోజులు దాచింది కూడా ఆ నాయనమ్మే. "రజాకారు మీదికి పోండ్రి, గాజులాయన పిల్లలేం జేసిన్రు?" అన్నదట.

ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 51వ అధికరణం ఆత్మరక్షణ హక్కును గుర్తించింది, నాకు దాంతో పేచీ లేదు. ఆ హక్కుతో ఏం చేసినా చెల్లుతుందంటేనే ఒప్పుకోను. దెబ్బ కొట్టేది శత్రువు స్థావరాన్నే అయినా, దాంతో వచ్చే లాభానికి మించి మామూలు జనం పోతారని తెలిస్తే కొట్టకూడదన్నది యుద్ధ నియమం. హమాస్ ఇళ్ల కింద సొరంగాలు తవ్వింది, జనం మధ్య దాక్కుంది, అది హమాస్ నేరం. పైన నిద్రపోయే పిల్ల నేరం కాదు. ఒక్కో బాంబు గురించి వాదించుకోవచ్చు, అక్కడ ఎవరున్నారో, ముందే హెచ్చరించారో లేదో అని. కానీ 2025 మార్చి 2 నుంచి పదకొండు వారాల పాటు ఇజ్రాయెల్ వాళ్లు గాజాలోకి పిండి, మందులు, అన్నీ ఆపేశారే, దాన్ని ఏ లెక్కలో ఆత్మరక్షణ అంటాం? ఆ ఆగస్టులో గాజా నగరంలో కరువు వచ్చిందని, ఏ దేశంలో ఆకలి ఎంతుందో లెక్కగట్టే అంతర్జాతీయ వ్యవస్థ ఐపీసీ నిర్ధారించింది. 2025 అక్టోబర్‌లో కాల్పులు ఆగేనాటికి అక్కడి ఆరోగ్యశాఖ లెక్కలో చనిపోయినవాళ్లు 67 వేలు దాటారు. అందులో సాయుధులూ ఉన్నారు, లెక్కలో విడదీయలేదు, కానీ ఆడవాళ్లు, పిల్లలు వేలకు వేలున్నారు. గాజాలోని ఒకే ఒక్క కేథలిక్ చర్చి మీద కూడా 2025 జులైలో షెల్లు పడి ముగ్గురు పోయారు. అది చెప్పాక గ్రూపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనవాళ్లు పోతేనే మాట ఆగడం నాకు ఇంకా బాధేసింది.

రేటింగంటారా, ఏర్పాట్లకు నాలుగున్నర, చెప్పిన మాటలకు ఒకటి. ఏజెన్సీ అన్నకు ఫోన్ చేసి రెండే అడిగాను. బెత్లెహేములో అక్కడివాళ్లనే గైడుగా పెట్టండి, యెరూషలేము గైడుగా ఆవిడనే ఉంచండి, ఇద్దరినీ మైకులో మాట్లాడనివ్వండి. రెండోది, షాపింగుకు ఇచ్చే పూట తగ్గించి ఆ గోడ దగ్గర దిగనివ్వండి. "చూద్దాం అక్కా" అన్నాడు. ఆ చెక్క బొమ్మలాయన 2023 క్రిస్మస్‌కు మూసిన షట్టరు ఫోటో పంపాడు, ఆయన కొట్టు తెరిచాడో లేదో కూడా కనుక్కోమన్నాను. అత్తమ్మ పాస్‌పోర్టుకు ఇంకా గడువుంది. ఈ రెండింటికీ ఒప్పుకుంటే మొదట మా ఇద్దరి పేర్లే రాసుకోమని చెప్పాను.