మూడు వేసవులు వాడిన సోలార్ డ్రయ్యర్: పేచీ అంతా పై కంతతోనే

ఎండవేడితో కూరగాయలు ఎండబెట్టే ఈ అద్దం పెట్టెలో దుమ్ము, ఈగలు, పక్షుల బెడద లేకుండా ముక్కలు ఎండుతాయి. ఇది అందరూ చెప్పేదే, ఇక్కడితో వదిలేస్తాను. నాకు ఒళ్లు మండేది పెట్టె వెనక, పైభాగాన ఉన్న గాలి కంత చూస్తేనే. అసలే సన్నం, పైగా దానికో జరిపే మూత. మూత ఉందంటే మూయబుద్ధవుతుంది. మూస్తే లోపల వేడి పెరుగుతుంది, త్వరగా ఎండుతాయనిపిస్తుంది. టమాటా చెడేది సరిగ్గా అక్కడే.

టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. మొదటిరోజు ఆ ఆవిరికి దారి లేకపోతే అద్దం లోపలివైపు చెమట పట్టి, చుక్కలు తిరిగి ముక్కల మీదే రాలతాయి. అది చూసి కంత కాస్త తెరిచి, వేడిని మాత్రం 65 డిగ్రీలు దాటనిస్తే ఇంకో తంటా: పైపొర బిగుసుకుపోయి తడి లోపలే చిక్కుకుంటుంది. పట్టి చూస్తే ఎండినట్టే ఉంటుంది. అలా సీసాకెత్తిన ఒరుగులకు అయిదోరోజుకే బూజు పట్టింది. నాలుగు కిలోల టమాటాకు దిగిన 280 గ్రాములూ చెత్తబుట్టలోకే.

ఇప్పుడు చేసేది ఇది. ముక్క మందం 6 మిల్లీమీటర్లు, కోసిన వైపు పైకి, ఒకదాని మీద ఒకటి పడకుండా. మొదటిరోజు కంత పూర్తిగా తెరిచి 50 డిగ్రీలు దాటనివ్వను. రెండోరోజు సగం మూసి 60 దాకా. కింది పళ్లెం ఎప్పుడూ వెనకబడుతుంది కాబట్టి మధ్యాహ్నం పైదీ కిందిదీ మార్చాలి. సాయంత్రం ముక్కలు బయటికి తీసి మూతపెట్టి ఉంచాలి, లేకపోతే రాత్రి చెమ్మ పీల్చుకుంటాయి. ఎండాయో లేదో వేడిమీద తెలియదు. చల్లారాక చించితే తడి మెరవకూడదు. సీసాలో మూడింట రెండొంతులే నింపి, వారం పాటు రోజూ కుదపాలి. గోడకు ఆవిరి కనిపిస్తే మళ్లీ ఎండకే.

ఈగలు రావన్నాను గానీ, పండుఈగలు ఆ కంతలోంచే దూరుతాయి. సన్నవల బిగిస్తే ఆగుతాయి, దాంతో గాలి ఇంకా తగ్గుతుంది. ఆకుకూరలు త్వరగా ఎండినా అద్దం కింద రంగు వెలిసిపోతాయి, నల్లగుడ్డ కప్పాల్సిందే.

మిరపకాయలతో మాత్రం ఏ పేచీ లేదు. తొక్క మందం, నీరు నెమ్మదిగా వదులుతాయి, ఆ సన్నకంతే సరిపోతుంది. పగలంతా ఇంట్లోనే ఉంటాను కాబట్టి టమాటాకు కూడా నాకు గిట్టుబాటవుతోంది. పొద్దున పెట్టి సాయంత్రం చూసుకునేవాళ్లకైతే, మబ్బుపట్టే చోట ఉండేవాళ్లకైతే ఇదే కొనమని గట్టిగా చెప్పలేను.