అప్‌డేట్ తర్వాత ఫోన్ మొరాయిస్తే: మూడేళ్ల వాడకంలో ఏ పరిష్కారం నిలబడింది, ఏది నిలబడలేదు

ఆండ్రాయిడ్ 12తో వచ్చిన ఒక మధ్య శ్రేణి ఫోన్‌ను మూడేళ్లకు పైగా వాడుతున్నాను. ఈలోగా అది ఆండ్రాయిడ్ 13కి, ఆ తర్వాత 14కి మారింది. మధ్యమధ్యలో భద్రతా ప్యాచ్‌లు కూడా వస్తూనే ఉన్నాయి. పెద్ద అప్‌డేట్ పడిన ప్రతిసారీ ఏదో ఒక ఇబ్బంది తలెత్తింది. ఒకసారి ఫోన్ వేడెక్కింది, ఒకసారి కీబోర్డు నత్తనడక నడిచింది, ఇంకొకసారి కెమెరా ఫోకస్ పట్టడం మానేసింది. ఇలాంటప్పుడు అందరూ చెప్పే పరిష్కారాలన్నిటినీ దాదాపుగా ప్రయత్నించాను కాబట్టి, ఇక్కడ ఆ పరిష్కారాలనే సమీక్షిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీటన్నిటిలో అత్యంత విలువైనది సేఫ్ మోడ్, అంటే మనం వేసుకున్న యాప్‌లను ఆపి ఫోన్‌ను నడిపే పద్ధతి. అందరికీ ముందుగా గుర్తొచ్చే ఫ్యాక్టరీ రీసెట్‌ను, అంటే ఫోన్‌లోని డేటా అంతా తుడిచి కొత్తదానిలా చేయడాన్ని మాత్రం చిట్టచివరికి వదిలేయడమే మేలు.

అప్‌డేట్ అయిన మొదటి రెండు మూడు రోజులు ఫోన్ వేడెక్కినా, ఛార్జింగ్ త్వరగా దిగిపోయినా కంగారు పడనక్కర లేదు. యాప్‌ల కోడ్‌ను ఆ ఫోన్ ప్రాసెసర్‌కు తగిన రూపంలోకి మార్చి పెట్టుకోవడం ఆండ్రాయిడ్ పద్ధతి, అప్‌డేట్ తర్వాత ఆ పనిని చాలావరకు మళ్లీ చేయాల్సి వస్తుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 కాలంలో ఈ పని మన కళ్ల ముందే జరిగేది, యాప్‌లను ఒక్కొక్కటిగా ఆప్టిమైజ్ చేస్తున్నట్టు చూపించే తెర ముందు చాలాసేపు కూర్చోవలసి వచ్చేది. 2016 నాటి ఆండ్రాయిడ్ 7 నుంచి అది తెర వెనక్కి వెళ్లింది. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, ఎవరూ ముట్టుకోని వేళల్లో సాగుతుంది. అందుకే అప్‌డేట్ తర్వాత వరుసగా రెండు మూడు రాత్రులు ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టి వదిలేస్తే, ఏ సెట్టింగూ మార్చకుండానే సగం ఫిర్యాదులు తీరిపోతాయి. నా ఫోన్‌లో రెండు పెద్ద అప్‌డేట్ల తర్వాతా వేడి ఇలాగే తగ్గింది.

వారం దాటినా ఛార్జింగ్ నిలవకపోతే, తప్పంతా అప్‌డేట్ మీదికే తోసేయకుండా బ్యాటరీ వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కూ అరిగిన బ్యాటరీకీ ఉన్న సంబంధం 2017 డిసెంబరులో అందరికీ తెలిసివచ్చింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండేందుకు వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నామని అప్పుడు యాపిల్ సంస్థ ఒప్పుకుంది, 2018లో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ ఆరోగ్యాన్ని చూపించే పేజీని ఇచ్చింది. ఇంకా ఇరవై శాతం ఛార్జింగ్ చూపిస్తుండగానే ఫోన్ ఆరిపోతుంటే అది చాలావరకు బ్యాటరీ సమస్యే. దానికి ఎన్ని రీసెట్లు చేసినా ఫలితం ఉండదు, బ్యాటరీ మార్పించుకోవాలి.

ఇక సేఫ్ మోడ్ సంగతి. పవర్ మెనూలో కనిపించే పవర్ ఆఫ్ గుర్తు మీద వేలిని కాసేపు నొక్కి ఉంచితే, సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ చేయాలా అని చాలా ఫోన్లు అడుగుతాయి. ఆ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు, ఫోన్‌తో పాటు వచ్చినవి మాత్రమే నడుస్తాయి. సమస్య అక్కడ కూడా కనిపిస్తే దోషం వ్యవస్థలోనో హార్డ్‌వేర్‌లోనో ఉన్నట్టు, మాయమైతే మనం వేసుకున్న యాప్‌లలో ఒకటి దానికి కారణమన్నట్టు. ఇంత స్పష్టంగా దారి చూపే పరీక్ష మరొకటి నాకు దొరకలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వచ్చాక హోమ్ స్క్రీన్ మీది విడ్జెట్లు కొన్ని చెదిరిపోవచ్చు కాబట్టి, ముందుగా ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిది.

ఆండ్రాయిడ్ 13 వచ్చాక నా ఫోన్‌లో కీబోర్డు మీద అక్షరం నొక్కితే తెర మీద పడటానికి కళ్లకు తెలిసేంత ఆలస్యం అయ్యేది, పేజీని పైకి జరిపినా తడబడుతూ కదిలేది. కీబోర్డు యాప్ క్యాష్ (త్వరగా పనిచేయడానికి యాప్ దాచుకునే తాత్కాలిక సమాచారం) తుడిచినా, మరో కీబోర్డు వేసినా తేడా కనిపించలేదు. సేఫ్ మోడ్‌లో అదే వాక్యాన్ని టైప్ చేస్తే అక్షరాలు వేలి వెంటే వచ్చాయి. దాంతో మామూలు మోడ్‌కు తిరిగి వచ్చి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి, అంటే తెర మీద జరిగేదాన్ని గమనించే అనుమతి, ఏయే యాప్‌లకు ఉందో చూశాను. ఇతర యాప్‌లకు తాళం వేసే పాత యాప్ ఒకటి అక్కడ కనిపించింది. ఏ యాప్ తెరుచుకుంటోందో పసిగట్టడానికి అది తెర మీద జరిగే ప్రతి మార్పునూ గమనిస్తూ ఉంటుంది, పైగా దాన్ని తయారుచేసినవారు చాలాకాలంగా పట్టించుకోలేదు. ఆ అనుమతిని ఆపిన మరుక్షణమే టైపింగ్ మామూలైంది. యాప్‌ను తీసేసి, ఫోన్‌లోనే ఉన్న యాప్ లాక్ సదుపాయానికి మారాను. అందుకే అప్‌డేట్ తర్వాత ఫోన్ మందగించిందని ఎవరైనా అంటే, మొదట యాక్సెసిబిలిటీ జాబితా చూడమని చెబుతాను.

ఒక యాప్ కాకుండా చాలా యాప్‌లు ఒకేసారి మూసుకుపోతుంటే, వాటన్నిటికీ ఆధారంగా ఉన్న భాగాన్ని అనుమానించాలి. 2021 మార్చిలో యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగం అప్‌డేట్‌లోని లోపం వల్ల ఎన్నో దేశాల్లో ఈమెయిల్ మొదలుకొని అనేక యాప్‌లు తెరిచిన వెంటనే ఆగిపోయాయి. దిద్దిన వెర్షన్ వచ్చేదాకా వెబ్‌వ్యూ అప్‌డేట్‌ను వెనక్కి తీసేయడమే అప్పట్లో చాలామందికి ఉపయోగపడిన ఉపాయం. యాప్‌లను ఒక్కొక్కటిగా తీసి వేసుకుంటూ గడిపినవారికి వృథా శ్రమే మిగిలింది.

నోటిఫికేషన్లు ఆలస్యంగా రావడం నన్ను ఎక్కువకాలం వేధించిన ఇబ్బంది. యాప్ తెరిస్తే గానీ సందేశం వచ్చినట్టు తెలిసేది కాదు. నా ఫోన్‌లో అప్‌డేట్ తర్వాత ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్ పరిమితుల్లోకి వెళ్లిపోయింది, దాన్ని అన్‌రిస్ట్రిక్టెడ్‌గా మార్చాక సమస్య తీరింది. అయితే ఈ సడలింపును నిజంగా అవసరమైన రెండు మూడు యాప్‌లకే ఇవ్వాలి, అన్నిటికీ ఇస్తే ఛార్జింగ్ సాయంత్రానికి మిగలదు. అనుమతుల పేజీ కూడా ఒకసారి చూసుకోవాలి. కొన్ని నెలలుగా తెరవని యాప్‌ల అనుమతులను ఆండ్రాయిడ్ 11 నుంచి వ్యవస్థే ఉపసంహరిస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకునే యాప్ నోటిఫికేషన్లు పంపడానికి కూడా మన అనుమతి కావాలి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కలిసినట్టు చూపిస్తూనే శబ్దం రాకపోతే, ఫోన్‌లో వాటిని ఫర్గెట్ చేయడంతో పాటు ఇయర్‌ఫోన్లను కూడా రీసెట్ చేసి, మళ్లీ కొత్తగా జత చేయాలి. ఒక వైపే తుడిస్తే పాత జత వివరాలు రెండో వైపు మిగిలి ఉండి తిరకాసు పెడతాయి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ ఫోన్ వైపున్న జతలన్నిటినీ ఒక్కదెబ్బతో శుభ్రం చేసే మాట నిజమే కానీ, దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు కూడా పోతాయి. అవి రాసి పెట్టుకున్నాకే ఆ పని చేయాలి.

రికవరీ మోడ్‌లో (ఆండ్రాయిడ్ మొదలుకాకముందే తెరుచుకునే మరమ్మతు మెనూలో) క్యాష్ పార్టిషన్ అనే తాత్కాలిక ఫైళ్ల భాగాన్ని తుడవమని చాలామంది సలహా ఇస్తారు. నేను చేసి చూశాను, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. చాలా కొత్త ఫోన్లలో అసలు ఆ ఎంపికే ఉండదు. ఉన్న ఫోన్లలో దాని పక్కనే మొత్తం డేటాను తుడిచేసే ఎంపిక ఉంటుంది, అక్కడ వాల్యూమ్ బటన్లతో కదలాలి కాబట్టి పొరపాటున దాన్ని ఎంచుకుంటే ఫొటోలన్నీ పోయే ప్రమాదం ఉంది. దక్కే ఫలితానికి ఆ ప్రమాదం తగినది కాదు. ఒక యాప్ మొరాయిస్తే ఆ ఒక్క యాప్ క్యాష్ తుడవడమే సరైన పని, అక్కడ కూడా క్యాష్‌కు బదులు డేటా తుడిస్తే అందులోని లాగిన్లు, దాచుకున్న సమాచారం పోతాయన్నది గుర్తుంచుకోవాలి.

ఫ్యాక్టరీ రీసెట్‌ను ఆండ్రాయిడ్ 14 వచ్చాక ఒకసారి చేశాను. కెమెరా దగ్గరి వస్తువుల మీద ఫోకస్ పట్టకపోవడం అందుకు కారణం. అది సేఫ్ మోడ్‌లోనూ అలాగే ఉండటంతో, వ్యవస్థలో ఏదైనా చెడి ఉంటే రీసెట్‌తో కుదురుకుంటుందని ఆశించాను. ఫోన్ కొంత చురుకైంది గానీ ఫోకస్ మాత్రం మారలేదు. యాప్‌లన్నిటినీ మళ్లీ వేసుకోవడం, బ్యాంకు యాప్‌లలో మళ్లీ నమోదు కావడం, రెండంచెల ధ్రువీకరణ కోడ్‌లను మళ్లీ సిద్ధం చేసుకోవడం, వీటికే ఒక సెలవు రోజు పూర్తిగా పట్టింది. రీసెట్ తప్పనిసరైతే బ్యాకప్‌తో పాటు గూగుల్ ఖాతా పాస్‌వర్డ్‌ను కూడా ముందే సరిచూసుకోవాలి. రికవరీ మోడ్ నుంచి తుడిచిన ఫోన్ తిరిగి లేచాక పాత ఖాతా వివరాలు అడుగుతుంది, అవి చెప్పలేకపోతే లోపలికి రానివ్వదు. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే మార్గాన్ని నేను సిఫారసు చేయను. చాలా ఫోన్లలో దానికి డేటా మొత్తం తుడవాలి, కొన్నింటిలో పాత వెర్షన్ ఎక్కకుండా రక్షణ కూడా ఉంటుంది.

చివరికి కెమెరా సమస్యను తీర్చింది తయారీ సంస్థ పంపిన తర్వాతి ప్యాచే. అంతకు ముందు ఫోన్‌లోని ఫీడ్‌బ్యాక్ యాప్ ద్వారా బిల్డ్ నంబరు (ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ కచ్చితమైన వెర్షన్ గుర్తు), ఎంత వెలుతురులో ఎంత దూరంలో ఫోకస్ తప్పుతోంది, సేఫ్ మోడ్‌లోనూ అలాగే ఉందన్న సంగతి, ఒక చిన్న వీడియో జతచేసి పంపాను. అప్‌డేట్ తర్వాత ఫోన్ బాగోలేదని ఒక్క ముక్కలో రాసిన ఫిర్యాదుకు నాకు మొక్కుబడి జవాబే వచ్చింది. వివరాలతో రాసినదానికి మాత్రం మళ్లీ ప్రశ్నలు అడిగారు. ప్రస్తుతం నా ఫోన్‌లో మిగిలిన ఇబ్బంది ఒక్కటే. మామూలు కాల్ నడుస్తుండగా ఇయర్‌ఫోన్లు కలిపితే, శబ్దం మొదటి కొన్ని క్షణాలు ఫోన్ స్పీకర్ నుంచే వస్తుంది. సేఫ్ మోడ్‌లోనూ, వేరే ఇయర్‌ఫోన్లతోనూ అదే తీరు కనిపించింది కాబట్టి, ఏ సెట్టింగూ కదపకుండా ఆ వివరాలన్నీ రాసి పంపి, తర్వాతి ప్యాచ్ కోసం చూస్తున్నాను.