నల్గొండలో ఆరు శనివారాల 'ఆలోచనల క్లాసు': వెళ్లొచ్చాక నా మాట

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. బామ్మర్ది లోనుకు షూరిటీ సంతకం పెట్టాను, అతను నాలుగు నెలలుగా కిస్తీ కట్టడం లేదు, ఫోన్లు నాకొస్తున్నాయి. డబ్బు సంగతి అటుంచితే, ప్రార్థనకు మోకరించి కళ్లు మూయగానే అతని మొహమే కనపడేది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడానికి కూడా మనసొప్పక వెనక బెంచీలోనే కూర్చుని వచ్చేవాణ్ణి. చివరికి మా ఆవిడ పోరు పడలేక (అతను ఆమె తమ్ముడే కదా) నల్గొండలో ఒక చర్చి వాళ్లు పెట్టిన ఈ క్లాసులో చేరాను. నోట్‌బుక్కుకీ చాయ్‌కీ కలిపి 200 రూపాయలు.

సాతానును గద్దించమని గంటసేపు మైకులో అరుస్తారేమో అనుకున్నా. క్లాసు చెప్పే పాస్టరు అయ్యగారు అదేం చేయలేదు. బైబిల్లో ఫిలిప్పీ పత్రిక (అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం) 4:8 చదివించి, పౌలు ఇది బంధకాల్లో ఉండి రాశాడని గుర్తుచేసి, ఆ లిస్టులో మొదటి మాట ఏంటని అడిగారు. 'ఏవి సత్యమైనవో.' రమ్యమైనవి తర్వాత వస్తాయి, ముందు నిజమా కాదా చూడమన్నారు. నోట్‌బుక్కులో ఎడమవైపు వచ్చిన ఆలోచన వచ్చినట్టే రాయాలి, కుడివైపు అందులో మనకు తెలిసిందెంతో రాయాలి.

నేను రాసింది: 'బామ్మర్ది కావాలనే నన్ను ముంచిండు.' కుడివైపు రాయబోతే, నాలుగు కిస్తీలు కట్టలేదన్నది ఒక్కటే తేలింది. 'కావాలనే' అన్నది నేను వేసుకున్న ఎంట్రీ, దానికి ఓచర్ లేదు. మిల్లులో ఎవరైనా ఓచర్ లేని ఖర్చు రాస్తే ఊరుకోను, మరి నా మనసులో ఎన్ని నెలల నుంచి నడుస్తోందో ఈ దొంగ పద్దు! ఆ మాట కొట్టేశాను. కోపం మొత్తం పోలేదు, కానీ ఆ రాత్రి బస్సులో నకిరేకల్ వాళ్లెవరో పాటలు పెట్టినా నిద్రపట్టింది.

మూడో వారం బైబిల్లోని ప్రవక్త ఏలీయా గురించి చెప్పింది ఇంకా నచ్చింది. చచ్చిపోతే బాగుండని బదరీవృక్షం కింద పడుకున్న మనిషికి దేవదూత ముందు ప్రసంగం చేయలేదు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ఒకాయన లేచి, విశ్వాసం ఉంటే మనసుకు మాత్రలెందుకు అన్నాడు. షుగర్‌కు వేసుకోవట్లేదా అన్నా, అని అయ్యగారు అక్కడే ఆపేశారు. బోర్డు మీద 14416, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు, రాయించారు కూడా.

లోపాలున్నాయి. నాలుగంటే నాలుగున్నరకు మొదలు. సాక్ష్యాలకు (దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పడానికి) టైము పెట్టకపోవడంతో ఐదో వారం ఒక పెద్దమనిషి తన ప్లాటు రిజిస్ట్రేషన్ కథంతా చెప్పాడు, అసలు పాఠం పది నిమిషాల్లో చుట్టేశారు. పక్కవాళ్లతో నోట్‌బుక్కు మార్చుకుని చదవమనడం నాకు అస్సలు నచ్చలేదు, నేను ఇవ్వలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు.

బామ్మర్ది ఇంకా కట్టలేదు. పోయిన ఆదివారం మాత్రం ఫోన్ చేసి, తిట్టకుండా, ఎందుకు కట్టలేదని అడిగాను. చేరేవాళ్లు పెన్ను ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడిచ్చేవి రెండో పేజీకే ఆగిపోతాయి.