తిరగబెట్టిన జబ్బుని పట్టుకున్నారు, చెవుల్లో మోతని పట్టించుకోలేదు

వృషణంలో గడ్డకి ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను చూపించుకుంటున్న ఫాలోఅప్ క్లినిక్ గురించి రాస్తున్నాను. ఐదు స్టార్లకి నాలుగు ఇస్తాను.

నాది నాన్‌సెమినోమా అనే రకం వృషణ క్యాన్సర్, మొదటి స్టేజ్. వెంటనే కీమో వద్దు, కనిపెట్టుకుని ఉందాం అన్నారు. ఇలా ఆగినవాళ్లలో సుమారు 30 శాతం మందికి జబ్బు తిరగబెడుతుందనీ, గడ్డ రక్తనాళాల్లోకి పాకి ఉంటే ఆ అంకె 50 దాకా వెళ్తుందనీ, వచ్చేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనేననీ డాక్టరుగారు కాగితం మీద రాసి చూపించారు. తిరగబెట్టినా దాదాపు అందరికీ నయమవుతుందని కూడా అప్పుడే చెప్పారు. తర్వాత నన్ను నిలబెట్టింది ఆ మాటే.

ఈ క్లినిక్‌లో మెచ్చుకోవాల్సింది పట్టుదల. తేదీ దగ్గర పడుతుంటే ముందే ఫోన్ చేస్తారు. ఈ జబ్బు జాడ చెప్పే రక్తపరీక్షలు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ మూడింటికీ పాత అంకెల పక్కనే కొత్తవి వేసి చేతికిస్తారు. ఒకసారి ఏఎఫ్‌పీ కొద్దిగా పెరిగింది. నాకు ఒంట్లో ఏ బాధా లేదు. "కంగారు పడకండి, కానీ ఆలస్యం మాత్రం చేయొద్దు" అంటూ నర్సమ్మ మళ్లీ రక్తం తీశారు. ఇంకా పెరిగింది. స్కాన్ చేస్తే కడుపు వెనక, వెన్నెముక పక్కన ఒక లింఫ్ గ్రంథి ఉబ్బి ఉంది. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి మూడు సైకిళ్ల బీఈపీ కీమోతో (బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ అనే మూడు మందులు కలిపి ఇచ్చేది) పోయింది. కీమోకి ముందే వీర్యం దాచుకోమని గుర్తుచేసింది కూడా వీళ్లే. సిస్‌ప్లాటిన్ రాకముందు ఒళ్లంతా పాకిన ఈ జబ్బుతో బతికి బయటపడ్డవాళ్లు తక్కువ. 1974లో అమెరికా క్యాన్సర్ డాక్టరు లారీ ఐన్‌హార్న్ ఆ మందుని వేరే మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆయనకి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

నా బాధల్లా ఆ తర్వాతి సంగతే. కీమో అయ్యాక ప్రతిసారీ ఒకటే ప్రశ్న, తిరగబెట్టిందా లేదా అని. లేదంటే ఇక వెళ్లి రండి. రాత్రిపూట చెవుల్లో కీచురాళ్ల మోతలా ఉంటోందని, చలికి వేలికొసలు తెల్లగా పాలిపోతున్నాయని చెబితే "అలవాటైపోతుందిలెండి" అన్నారు. వినికిడి పరీక్ష నేను పట్టుబట్టి రాయించుకున్నాను. కీచుమనే పైస్థాయి శబ్దాలు వినపడటం నిజంగానే తగ్గింది. సిస్‌ప్లాటిన్ చెవుల్నీ, నరాల్నీ, కిడ్నీల్నీ దెబ్బతీస్తుంది. ఏళ్లు గడిచాక గుండెజబ్బు, ఇంకో రకం క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా కొంత పెరుగుతుంది. ఇరవైల్లో, ముప్ఫైల్లో నయమైనవాడికి ముందు ఎంతో జీవితం ఉంది కదా, దాన్ని కూడా చూడాల్సింది వీళ్లే.

ఈమధ్య కొత్త డాక్టరు వచ్చాక కొంత మారింది. ఏ మందు ఎంత ఎక్కించారో రాసిన కాగితం ఇచ్చారు. బీపీ, కొలెస్ట్రాల్, టెస్టోస్టెరాన్ చూస్తున్నారు. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకి హాని చేయగలదు కాబట్టి, ఎప్పుడు ఏ ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టరుకి ఆ సంగతి చెప్పమన్నారు.

ఇక్కడికి వెళ్లేవాళ్లు ఆ కాగితం అడిగి తీసుకోండి. రెండో వృషణంలోనూ గడ్డ రావచ్చు, చేత్తో ఎలా తడిమి చూసుకోవాలో నర్సమ్మని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేకుండా, ఓపిగ్గా నేర్పిస్తారు.