హార్డ్ డిస్క్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు అది ఎన్ని గంటలు తిరిగిందో చూడండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు కంప్యూటర్ సామాను కొనేవాళ్లందరూ ఇది ఒకసారి చదవండి. రాజాంలో మా బావకి ఫొటో స్టూడియో ఉంది. వీడియోలు దాచుకోడానికి విజయనగరంలో ఒక షాపులో 2 టీబీ హార్డ్ డిస్క్ తీసుకున్నాడు. వెండి రంగు కవర్లో సీల్ వేసి ఉంది, కొత్తదే అన్నారు. బిల్లు మాత్రం తెల్లకాగితం మీద రాసిచ్చారు.

సిరిమానోత్సవం వీడియోలు అందులోకి ఎక్కిస్తుంటే కాపీ నత్తనడక పట్టింది. విండోస్‌లో ఏది ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రగా చూపిస్తోంది గానీ, సెకనుకి ఒక ఎంబీ కూడా కదలట్లేదు. రెస్పాన్స్ టైమ్, అంటే అడిగినదానికి డిస్కు బదులివ్వడానికి పట్టే సమయం, వేల మిల్లీసెకన్లలో ఉంది. మంచి డిస్కు మీద ఎంత పని పెట్టినా మామూలుగా అది మాటిమాటికీ వేలకి పోదు. షాపుకి ఫోన్ చేస్తే, "విండోస్ మళ్లీ వేసుకోండి బాబూ, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు.

నేను వెళ్లి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెట్టి చూశాను. అది డిస్కు ఆరోగ్యం చూపే, ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్. పవర్ ఆన్ అవర్స్ దగ్గర 31 వేల పైచిలుకు గంటలు! ఏడాదికి 8,760 గంటలు. అంటే రాత్రింబవళ్లు ఆపకుండా మూడున్నరేళ్లు తిరిగిన డిస్క్ అది. అలా తిరిగేవి సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టెల్లో ఉంటాయి, అక్కణ్ణుంచి పీకిందే అయ్యుంటుందని నా అనుమానం. డిస్కుని కంప్యూటర్లోంచి బయటికి తీసి చూస్తే స్క్రూలు బిగించే రంధ్రాల చుట్టూ గీతలు, కేబుల్ గుచ్చే బంగారు రంగు పిన్నుల మీద రాపిడి గుర్తులు. లేబుల్ మీది సీరియల్ నంబరు ఒకటి, తెర మీద కనిపించే నంబరు ఇంకొకటి.

అదే తెర మీద 05, సీ5 అనే వరుసలు తప్పకుండా చూడండి. 05 అంటే పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కులో డేటా దాచే చిన్న చిన్న గళ్లు), సీ5 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి. రెండూ సున్నా ఉండాలి. రా వాల్యూస్ అనే గడిలోని ఆ అంకెలు మామూలుగా హెక్సాలో (అంకెలతో పాటు అక్షరాలూ వచ్చే లెక్కలో) ఉంటాయి, ఫంక్షన్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లో మనం మామూలుగా వాడే డెసిమల్‌కి మార్చుకోండి. షాపువాళ్లు "ఫుల్ ఫార్మాట్ చేసిస్తాం" అంటే ఒప్పుకోకండి. ఫార్మాట్‌తో సీ5 సున్నాకి దిగిపోవచ్చు, 05 పెరగొచ్చు, నాలుగు రోజులు బాగానే నడిచినట్టుంటుంది. ఈలోపు మార్చిస్తామన్న గడువు దాటిపోతుంది.

స్లో అయిన ప్రతి డిస్కూ పాతదే అనను. అదే తెర మీద సీ7 అంటే కేబుల్లో డేటా వెళ్లేటప్పుడు దొర్లే తప్పుల లెక్క; అది పెరుగుతూ పోతుంటే డిస్కుని కంప్యూటర్‌కి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. డేటా గీతలను ఒకదాని మీద ఇంకొకటి కొంత ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ రకం డిస్కులు కొత్తవైనా పెద్ద కాపీల్లో నెమ్మదిస్తాయి. 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్న కంప్యూటర్లో మెమరీ చాలకపోయినా డిస్క్ 100 శాతం చూపించొచ్చు. కానీ గంటల లెక్క మాత్రం కొత్త డిస్కులో సున్నాకి దగ్గరగా ఉండాల్సిందే.

ఆ లెక్కనీ చెరిపేసేవాళ్లున్నారు. గంటల లెక్క సున్నా చేసిన పాత సీగేట్ కంపెనీ డ్రైవులు యూరప్‌లో కొన్ని షాపుల్లో కొత్తవిగా అమ్ముడయ్యాయని 2025 మొదట్లో బయటపడింది. లోపల ఉండే ఫార్మ్ అనే రికార్డులో అసలు గంటలు దొరికాయి. అందుకే సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ చూడండి. డబ్బు ఇచ్చేముందే, షాపువాళ్ల కంప్యూటర్‌కే తగిలించి చూపించమనండి. కుదరదంటే వేరే షాపుకి వెళ్లండి.

జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. మా బావ దగ్గర ఆ బిల్లు లేకపోయేసరికి, ఫోన్‌పే రసీదు, తెర ఫొటోలు పట్టుకుని 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాడు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు.

ఇప్పటికే ఇలాంటిది మీ చేతిలో ఉంటే ముందు వీడియోలు, ఫొటోలు వేరేచోటికి కాపీ చేసుకోండి, రిపేరు సాఫ్ట్‌వేర్లు నడపడం ఆ తర్వాతే. షాపుకి తిరిగిచ్చేటప్పుడు తెర ఫొటోలు తీసుకుని, డిస్కులోని డేటా పూర్తిగా చెరిపేసి ఇవ్వండి. మీ పిల్లల ఫొటోలతో అది ఇంకొకరి చేతికి వెళ్లకూడదు.