ఆదోని జిన్నింగ్ మిల్లులో సీరియల్ డివైస్ సర్వర్: కొన్ని సీజన్లు వాడాక

పాత వే బ్రిడ్జి (బండితో సహా తూచే కాటా) ఇండికేటర్‌ని, అంటే బరువు అంకె చూపించే పెట్టెని, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తేవాలంటే సీరియల్ డివైస్ సర్వర్ నిస్సందేహంగా కొనొచ్చు. జాగ్రత్త పడాల్సిందంతా కొన్న తర్వాతే. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కరెంటు పనులు, కంప్యూటర్ల పనులు నేనే చూస్తాను. కాటా గదిలో ఒకటి, దూదిని బేళ్లుగా నొక్కే ప్రెస్సు దగ్గర ఎనర్జీ (కరెంటు) మీటర్ల కోసం ఒకటి, మొత్తం రెండు డబ్బాలు కొన్ని సీజన్లుగా నడుస్తున్నాయి. కొనేవాళ్లకు డబ్బా మీది స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి, వాడితే గాని తెలియనివి రాస్తున్నాను.

డబ్బా అరచేతిలో పడుతుంది. ఒక పక్క తొమ్మిది పిన్నుల డీబీ9 కనెక్టరు, ఇంకో పక్క ఈథర్‌నెట్ జాక్. ఇండికేటర్ ఆర్ఎస్-232 అనే పాత సీరియల్ కేబుల్ పద్ధతిలో పంపే బైట్లను (అక్షరాలను) ఇది టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి ప్యాకెట్లలో పెట్టి నెట్‌వర్క్‌లోకి వదులుతుంది. ఆఫీసు కంప్యూటర్లో దాని డ్రైవరు వేస్తే కామ్ 5 అనో కామ్ 6 అనో ఒక పోర్టు కనిపిస్తుంది. తూకం సాఫ్ట్‌వేర్ మామూలు సీరియల్ పోర్టు అనుకుని చదువుకుంటుంది. మాది విజువల్ బేసిక్ 6 కాలం నాటి ప్రోగ్రాము. దాన్ని తిరగరాయకుండానే పని జరిగిందంటే ఈ డ్రైవరు పుణ్యమే.

అసలు ఇది ఎందుకు కావాల్సి వచ్చిందంటే దూరం. ఆర్ఎస్-232 పుట్టింది 1960లో, టెర్మినల్‌ని పక్కనున్న మోడెమ్‌తో కలపడానికి. దానికి 15 మీటర్లు దాటిన కేబుల్ అంటే అదృష్టం మీద బతకడమే. తక్కువ వేగంలో ఇంకాస్త దూరం లాగొచ్చు, చాలామంది లాగుతారు కూడా. మాకు కాటా గది గేటు పక్కన, ఆఫీసు ఆవరణ అవతలి కొసన. మధ్యలో జిన్ను హాలు, దాని మోటార్లు. కంప్యూటర్‌ని కాటా గదిలోనే పెట్టి నడిపిన రోజుల్లో దూది నుసి ఫ్యాన్‌ని కమ్మేసేది. రేకుల గది వేడికి మధ్యాహ్నానికి అది ఆగిపోయేది. చీటీ పట్టుకుని రైతు ఆఫీసుకు నడిచి వెళ్లాలి, అక్కడ గుమాస్తా ఆ అంకెను మళ్లీ చేత్తో కొట్టాలి. సీజన్లో గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడే రోజుల్లో ఆ రెండోసారి కొట్టడం దగ్గరే తగాదాలు పుట్టేవి.

కాటా గదిలో పెట్టింది మోక్సా వాళ్ల ఎన్‌పోర్ట్ 5110. ఒకటే పోర్టు, ఆర్ఎస్-232 మాత్రమే, 12 నుంచి 48 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. ఫ్యాను లేదు, నుసి లోపలికి లాక్కునే దారి లేదు. మామూలు మోడల్‌కి 0 నుంచి 55 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదోని ఎండకి రేకుల గదిలో, మూసిన ప్యానెల్ లోపల 55 అనేది అంత దూరమేమీ కాదు. ప్యానెల్ పెట్టెలో బిగించేవాళ్లు పేరు చివర టీ అక్షరం ఉన్న మోడల్ తీసుకోవాలి, అది 75 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మేం పెట్టెలో పెట్టలేదు, గోడకి నీడవైపు బిగించాం. అది చాలింది.

వైరింగులో చెప్పాల్సింది తక్కువ. పిన్ను 2, పిన్ను 3, పిన్ను 5. ఇండికేటర్ పంపే వైరు డబ్బా అందుకునే పిన్నుకి చేరాలి, 5 గ్రౌండు. సూటి కేబులా, క్రాస్ కేబులా అన్నది ఇండికేటర్ మాన్యువల్ చూసి తేల్చుకోవాలి. బాడ్ రేటు (పంపే వేగం), పారిటీ (తప్పు పట్టే గుర్తు), స్టాప్ బిట్లు (అక్షరం ముగింపు గుర్తులు) ఇండికేటర్లో ఎలా ఉంటే డబ్బాలోనూ అలాగే పెట్టాలి. డబ్బా ఫ్యాక్టరీ నుంచి 192.168.127.254 అడ్రసుతో వస్తుంది. మన నెట్‌వర్క్‌కి తగ్గట్టు మార్చి, అడ్రసులు తనంతట తానే పంచే డీహెచ్‌సీపీకి వదలకుండా స్థిరంగా ఉంచాలి. రౌటరు మార్చిన రోజు అడ్రసు మారిపోతే కాటా ఆగుతుంది. ఇండికేటర్‌కి తూనికలు కొలతల శాఖ వేసిన సీలు జోలికి పోనక్కర్లేదు, పోర్టు బయటే ఉంటుంది. సీలు కదపాలనే మెకానిక్ ఎవరైనా వస్తే వెనక్కి పంపేయండి.

ఇక అసలు విషయం. ఈ డబ్బా బైట్లు మోస్తుందే గాని వాటి అర్థం దానికి తెలియదు. బరువు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, అది ఇప్పటిదా ఇందాకటిదా అన్నది దానికి పట్టదు. మేం పడ్డ ఇబ్బందుల్లో ముఖ్యమైనవన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వచ్చాయి.

మొదటిది, ముక్కలు కావడం. మా ఇండికేటర్ మొదలు గుర్తు, ఆరు అంకెలు, చివరి గుర్తు వరసగా ఆపకుండా పంపుతూ ఉంటుంది. 9600 బాడ్‌లో ఒక్కో అక్షరానికి దాదాపు ఒక మిల్లీసెకను. డబ్బా మాత్రం తన దగ్గర ఎన్ని అక్షరాలు చేరితే అన్నింటిని ఒక ప్యాకెట్లో వేసి పంపేస్తుంది. అందుకని 012480 అనే బరువు 01 ఒక ప్యాకెట్లో, 2480 ఇంకో ప్యాకెట్లో రావచ్చు. ఒకసారి చదివిందే ఒక బరువు అనుకునే సాఫ్ట్‌వేర్ అయితే 12,480 కిలోల లారీని 2,480 అని చూపిస్తుంది. అది ఏ చిన్న బండికో నమ్మదగ్గ అంకె, అదే దాని ప్రమాదం. మాకు పరీక్షగా నడిపిన రోజుల్లోనే ఇలాంటిది కనబడింది. గేటు మీది పెద్ద బోర్డులో ఒక బరువు, తెరమీద ఇంకోటి. తూకానికి నిలబడిన రైతే ముందు చూశాడు: "ఏం సార్, బోర్డులో ఒకటి పడె, దీంట్లో ఒకటి పడె? ఏది రాస్తారు?" ఆయన అడిగింది న్యాయం. పత్తికి తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే మద్దతు ధరకు కొననే కొనరు. ఆ తేమ మీటరు దగ్గర రైతు గుండె ఎటూ దడదడలాడుతుంది. తూకం దగ్గర కూడా అనుమానం పుట్టించే హక్కు మనకు లేదు.

దీనికి రెండు పక్కలా మందు ఉంది. డబ్బాలో డీలిమిటర్ అనే సెట్టింగు ఉంటుంది. చివరి గుర్తు కోడు అక్కడ ఇస్తే ఆ గుర్తు వచ్చేదాకా ఆగి, మొత్తాన్ని ఒకే ముక్కగా పంపుతుంది. అయినా దాన్ని మాత్రమే నమ్ముకోకూడదు, దారిలో టీసీపీ మళ్లీ కలపొచ్చు, విడగొట్టొచ్చు. సాఫ్ట్‌వేర్‌లోనే మొదలు గుర్తు నుంచి చివరి గుర్తు దాకా వెతికి, మధ్యలో సరిగ్గా ఆరు అంకెలు ఉంటేనే తీసుకోవాలి. ప్రోగ్రాము రాసిచ్చిన కుర్రవాడు ఫోనులోనే విని రెండు రోజుల్లో సరిచేశాడు. తర్వాత ఆ తప్పు మళ్లీ కనబడలేదు.

రెండోది ఇంకా లోతైనది, పాత బరువులు. ఇండికేటర్ సెకనుకి పది సార్లు బరువు పంపుతోందనుకోండి. సాఫ్ట్‌వేర్ అరసెకనుకి ఒకటి చొప్పున వరసలోంచి తీసుకుంటోందనుకోండి. సెకనుకి ఎనిమిది మిగిలిపోతాయి. అవి ఎక్కడికీ పోవు, వచ్చినవాటిని దాచి ఉంచే బఫర్లు ఉంటాయి, డ్రైవరు బఫర్లో, టీసీపీ బఫర్లో, డబ్బా బఫర్లో క్యూ కడతాయి. నిమిషం గడిచేసరికి తెరమీద ఉన్నది 48 సెకన్ల కిందటి బరువు. ట్రాక్టర్ దిగి వెళ్లిపోయి కాటా సున్నా చూపిస్తుంటే తెరమీద ఇంకా ఆ ట్రాక్టరే ఉంటుంది. నేరుగా కేబుల్ ఉన్నప్పుడు కూడా ఈ లోపం ఉంటుంది గాని, మధ్యలో బఫర్లు తక్కువ కాబట్టి అంత వెనకబడదు. నెట్‌వర్క్ కాసేపు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది, ఆగిపోయిన పాత బరువులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

కాబట్టి గుమాస్తా తూకం బటన్ నొక్కగానే ముందు బఫరు మొత్తం ఖాళీ చేసి, ఆ తర్వాత వచ్చిన దాన్నే చదవాలి. వరసగా రెండు మూడు ఒకే అంకె వస్తేనే నమోదు చేయాలి. ఇంతకంటే మేలైన పద్ధతి, ఇండికేటర్లో అడిగితేనే పంపే మోడ్ ఉంటే దానికి మారడం. కంప్యూటర్ ఒక అక్షరం పంపుతుంది, ఇండికేటర్ ఒక్క బరువు చెప్పి ఊరుకుంటుంది. మేం చివరికి అలాగే చేశాం. నెట్‌వర్క్ మీద భారం కూడా తగ్గింది గాని, నాకు కావాల్సింది అది కాదు. తెరమీది అంకె ఆ క్షణపు అంకేనని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలగడమే కావాల్సింది.

మూడోది, కరెంటు పోయినప్పుడు. ఆఫీసు కంప్యూటర్ ఉన్నపళంగా ఆరిపోతే, కనెక్షన్ తెగిందని డబ్బాకి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. పాత కనెక్షన్ బతికే ఉందనుకుని పట్టుకుని కూర్చుంటుంది. ఒకేసారి ఒక్కరికే అనుమతి ఉంటే, కంప్యూటర్ మళ్లీ లేచి తలుపు తట్టినా తీయదు. టీసీపీ స్వభావమే అంత, ఏ కంపెనీ డబ్బా అయినా ఇంతే. అవతలివాడు ఉన్నాడా లేడా అని డబ్బా తనంతట తాను ఎంతసేపటికోసారి చూసుకోవాలో చెప్పే సెట్టింగు ఉంటుంది. చాలావాటిలో అది నిమిషాల్లో ఉంటుంది, వీలైనంత తగ్గించండి. గేటు దగ్గర బండి నిలబడి ఉంటే ఐదు నిమిషాలు కూడా చాలా పొడవు. డబ్బా, స్విచ్చు, ఇండికేటర్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. మూడింట్లో ఒకటి ఆరినా మిగతా రెండూ వెలిగి ఏం లాభం?

పిడుగుల గురించి ఆనందంగా రాయగలను. వే బ్రిడ్జి అంటే ఆరుబయట పరిచిన ఇనుప పలక. ఆర్ఎస్-232లో గ్రౌండు వైరు రెండు పరికరాలనూ నేరుగా కలిపేస్తుంది. దూరాన ఉన్న రెండు గదుల ఎర్తింగుల మధ్య తేడా వస్తే అది ఆ సన్నటి వైరు మీదే పడుతుంది. మే నెల గాలివానల్లో పోర్టులు కాలిపోయేది అందుకే. ఈథర్‌నెట్ జాక్ వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి రెండు పక్కలనూ విడదీస్తాయి. అయినా పిడుగుకి అదొక్కటే సరిపోదు. మాకు దూరం కూడా 100 మీటర్లు దాటుతోంది, రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కి అదే హద్దు. అందుకని మధ్యలో ఫైబర్ వేసి రెండు కొసలా రాగి నుంచి ఫైబర్‌కి మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టాం. గాజు తీగలో కరెంటు పారదు కదా! ఈ మొత్తం ఏర్పాటులో నేను అన్నిటికంటే గట్టిగా సిఫారసు చేసేది ఈ ఫైబర్ ముక్కనే. అది వేసిన తర్వాత కాటా వైపు నుంచి ఆఫీసు పరికరం ఒక్కటి కూడా పోలేదు.

ప్రెస్సు దగ్గరి రెండో డబ్బా పేరు రాయను. పేరున్న డబ్బా ఒక్కటి కొనే డబ్బుతో ఇలాంటివి రెండు మూడు వస్తాయి. పని చేస్తుంది. కానీ దాంతో వచ్చిన అడాప్టరు మొదటి వేసవి దాటలేదు, వోల్టేజీ ఊగినప్పుడు బిగుసుకుపోయి ఎవరో ఒకరు పిన్ను పీకి పెట్టాల్సి వచ్చేది. మంచి డీసీ సప్లై విడిగా పెట్టాక కుదురుకుంది. ఎనర్జీ మీటరు రీడింగు కాసేపు రాకపోయినా మాకు నష్టం లేదు, అక్కడికి అది చాలు. కాటాకి మాత్రం పెట్టను.

ఆ మీటర్లు ఆర్ఎస్-485 అనే దూరపు సీరియల్ వైరింగు మీద మాడ్‌బస్ ఆర్‌టీయూ అనే ప్రశ్న-జవాబు భాష మాట్లాడతాయి. ఆర్ఎస్-485కి 1,200 మీటర్ల దాకా దూరం సమస్య లేదు, లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటే చాలు. ఏ, బీ గుర్తులు ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది, రీడింగు రాకపోతే ముందు ఆ రెండు వైర్లూ తిప్పి చూడండి. నెట్‌వర్క్ మీదుగా వెళ్లేటప్పుడు జవాబు ఆలస్యమవుతుంది, సాఫ్ట్‌వేర్ టైమవుట్‌ని అరసెకను, సెకను దాకా పెంచాలి. రెండు కంప్యూటర్లు ఒకేసారి మీటర్లను చదవాలంటే ఈ డబ్బా సరిపోదు, మాడ్‌బస్ గేట్‌వే వేరే కొనాలి. అది మాటను అర్థం చేసుకుని ఒకరి తర్వాత ఒకరికి వంతు ఇస్తుంది.

భద్రత మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఈ డబ్బాలు పంపేదంతా సాధారణంగా దాపరికం లేకుండా పోతుంది, నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా చదవొచ్చు, వేరే బరువు పంపనూ వచ్చు. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో కరెంటు పంపిణీ మీద దాడి చేసినవాళ్లు సబ్‌స్టేషన్లలోని ఇలాంటి సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌నే (లోపలి ప్రోగ్రామునే) చెడగొట్టారు. బ్రేకర్లను (కరెంటు కలిపే, తెంపే పెద్ద స్విచ్చులను) మళ్లీ దూరం నుంచి నడపలేని స్థితి వచ్చింది. మన మిల్లుకి అంత శత్రువులు లేకపోవచ్చు, కానీ తూకం అంటే డబ్బు. పాస్‌వర్డ్ మార్చండి. ఆఫీసు వైఫై ఉన్న నెట్‌వర్క్‌లో కాకుండా కాటాకి వేరే వీలాన్ (అదే స్విచ్చులో విడగొట్టిన నెట్‌వర్క్) ఇవ్వండి. ఫోనులో చూసుకోవాలని రౌటర్లో పోర్టు తెరవమని యజమాని అడిగినా తెరవకండి, వీపీఎన్ (బయటివాళ్లు చూడలేని రహస్య దారి) పెట్టివ్వండి.

ఇండికేటర్ పాతదై, బాగా పనిచేస్తూ, సీలు ఉంటే ఈ డబ్బా కొనండి. ఇండికేటరే మార్చాల్సిన స్థితిలో ఉంటే మాత్రం దీని మీద ఖర్చు పెట్టొద్దు. నేరుగా ఈథర్‌నెట్ పోర్టు ఉన్న ఇండికేటర్లు వస్తున్నాయి, అది తీసుకోండి, అప్పుడు కూడా పాత బరువుల సంగతి ప్రోగ్రాము రాసేవాళ్లకి చెప్పండి. డబ్బా కొంటే రెండు కొనండి. రెండోదానిలో అవే సెట్టింగులు, అదే అడ్రసు ఎక్కించి, స్విచ్చుకి తగిలించకుండా కాటా గది బీరువాలో పెట్టండి. నవంబరులో గేటు బయట బళ్లు నిలబడి ఉన్నప్పుడు కర్నూలు నుంచి కొత్తది తెప్పించుకునే టైము ఉండదు.